పొగకు కట్టిన పరదా

ఆ వాడలో పొగ ఆగే వేళంటూ లేదు.

అనసూర్య పెరిగిన ఊళ్లో పొగకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఇళ్ల కప్పుల మీంచి కట్టెల పొగ లేచేది. కాసేపు చింతచెట్ల కొమ్మల్లో తారాడి, గాలి వీచగానే చెదిరిపోయేది. గోదావరిఖనిలో అలా కాదు. గనులు తెరిచి ఇంకా పదేళ్లు నిండని రోజులవి. గని మూడు షిఫ్టులు నడుస్తుంది కనుక పొయ్యిలు కూడా మూడు షిఫ్టులు నడిచేవి. మొదటి షిఫ్టుకు పోయేవాడికి తెల్లవారకముందే సద్ది కట్టాలి. రెండో షిఫ్టువాడికి మధ్యాహ్నం వండాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి ఒంటి మసి కడుక్కోవడానికి వేడినీళ్లు కావాలి. ఒక ఇంటి పొగ పలచబడేసరికి పక్కింటి పొయ్యి అంటుకునేది.

అంటించే తీరు కూడా వేరు. పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి, అడుగున ఇనుప చువ్వలు గుచ్చి చేసిన పొయ్యి అది. కింద పుల్లలు పేర్చి, పైన పచ్చిబొగ్గు పోసి వాకిట్లో పెట్టేవారు. మొదట అది పసుపు కలిసిన నల్లటి పొగ కక్కేది. ఆ పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక, పిడి పట్టుకుని లోపలికి తెచ్చి వంట చేసుకునేవారు. పొగను బయట వదిలి నిప్పును ఇంట్లోకి తెచ్చుకోవడం వాడంతటికీ అలవాటు. వదిలిన పొగ ఎటు పోతుందని ఎవరూ అడగలేదు. పోవడానికి చోటేది? ఎదురెదురుగా గుడిసెలు, మధ్యలో బండి కూడా పట్టని దారి. ఒకరి వాకిట్లో లేచిన పొగ మరొకరి గడప దాటి లోపలికి పోయేది.

అందరి ఇళ్లలోకీ పోయేది. సారల గుండెల్లో మాత్రం చిక్కుకునేది.

సారల అనసూర్యకు చెల్లెలు, ఆరేళ్ల పిల్ల. పొగ పట్టిందంటే ముందు గొంతులో పిల్లికూత లేచేది. తర్వాత పక్కటెముకల నడుమ చర్మం లోపలికి గుంజుకుపోయేది. మోకాళ్ల మీద చేతులాన్చి, నోరు తెరుచుకుని, గాలి కోసం అటూ ఇటూ చూసేది. గాలి ఎక్కడో దాక్కున్నట్టు, వెతికితే దొరుకుతుందన్నట్టు చూసేది. ఆ చూపు అనసూర్య భరించలేకపోయేది.

అనసూర్య ఏడో తరగతి దాకా ఊళ్లో నాయనమ్మ దగ్గరుండి చదువుకుంది. చలికాలంలో నాయనమ్మ పోయాక తండ్రి రాయమల్లు వచ్చి, పిల్లనూ ఇంట్లోని నాలుగు గిన్నెలనూ బండి మీద వేసుకుని ఇక్కడికి తెచ్చాడు. ఊళ్లోని ఆ ఇంటి పైకప్పు తాటాకులు ఎవరో పీక్కుపోయారని తర్వాత తెలిసింది. ఇక ఊరంటూ మిగల్లేదు. రాయమల్లు గనిలో టబ్బులకు బొగ్గు నింపేవాడు. తల్లి కనకవ్వ ఇల్లు చూసుకునేది. అనసూర్యకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాలుక తడి ఆరిపోయేది. వచ్చి ఆరు నెలలైనా, వాడలో సగం మందికి ఆమె గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ఆమె మాటలన్నీ చెల్లెలితోనే.

ఎండాకాలం అయిపోయి బడి తెరిచే రోజులు వచ్చాయి. సారలకు ఒక పలక కొన్నారు. చుట్టూ కట్టె చట్రం, మూలకు దారం కట్టడానికి రంధ్రం ఉన్న పలక. అది రోజంతా ఆ పిల్ల ఒళ్లోనే ఉండేది. అనసూర్య మట్టిలో అక్షరం రాసి చూపితే, పలక మీద అలాగే దిద్దేది.

"అక్కా, బడిల పొయ్యుంటదా?" అని అడిగింది ఒకనాడు.

"బడిల పొయ్యెందుకుంటదే?"

"మరి నేను ఆడనే పండుకుంటగదా," అంది సారల. పొగ లేని చోటు ఒకటి ఉంటుందని ఆ పిల్లకు తెలిసింది అప్పుడే.

బడి తెరిచిన వారానికే అహల్య టీచరు వాడకు వచ్చింది. మంథనిలో పురోహితుల ఇంటి ఆడపడుచు ఆమె. ఒక రేకుల గదిలో ఐదు తరగతులనూ ఒక్కతే నడిపేది. చీర కుచ్చిళ్లు బొగ్గునీళ్లలో తడవకుండా ఎత్తి పట్టుకుని, గడప గడపకూ తిరిగి తల్లులతో మాట్లాడింది. పిల్లలకు రోజూ తానం చేయించాలి, గోర్లు తీయాలి, తలలో పేలు చూడాలి, గంజి అయినా సరే తాగించి పంపాలి, పొద్దుపోక ముందే పడుకోబెట్టాలి అని చెప్పింది.

పక్కింటి పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్ద గొంతు, పెద్ద చేతులు, ఏ మాటా లోపల దాచుకోని మనిషి.

"పొద్దుపోక ముందే పండవెట్టాల్నా పంతులమ్మా? మా ఆయన బుచ్చన్న రెండో షిఫ్టు దిగచ్చి తలుపు కొడ్తే వాడంత లేస్తది. ముందు ఆయనకు నేర్పు నీ పాఠం."

"పంపు, నేర్పుత. పలక తెచ్చుకొమ్మను," అంది టీచరు. అందరూ నవ్వారు.

మరునాడు దవాఖాన డాక్టరు బడికి వచ్చి పిల్లలందరినీ చూశాడు. కళ్లు, నాలుక, గజ్జి, కడుపులు. సారల దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. మళ్లీ పెట్టి విన్నాడు. తర్వాత కనకవ్వను పిలిపించాడు. తల్లి వెనక అనసూర్య కూడా నిలబడింది.

"మందు రాసిస్తాను. కానీ మందుతో తీరేది కాదమ్మా. ఈ పిల్ల పొగలో ఉండకూడదు. ఊరికి పంపించండి."

"ఊర్ల ఎవలున్నరయ్యా?" అంది కనకవ్వ.

ఆ జవాబు డాక్టరుకు కొత్త కాదని అతని ముఖం చూస్తేనే తెలిసింది. చీటీ రాసి ఇచ్చి, తర్వాతి పిల్లను పిలిచాడు.

అహల్య టీచరు వాళ్లను గుమ్మం దాకా సాగనంపింది. "దగ్గు అంటుకుంటదని కొందరు తల్లులు భయపడుతున్నరు. అది అంటుకునేది కాదని నేను చెప్తున్న. కాని దమ్ము లేచి ఊపిరాడనప్పుడు ఇంతమంది పిల్లల నడుమ ఈమెకు ఏమన్నయితే నేనొక్కదాన్ని, నాకు భయమయితది. దమ్ము లేని రోజు తోలియ్యండి. ఎన్ని రోజులు రాగలిగితే అన్ని రోజులు. బతుకమ్మ పండుగ దాకా చూస్త. అప్పటికీ కుదరకుంటే వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాట సారల విన్నది. ఇంటికి వచ్చే దారంతా గొంతులో కూతను మింగడానికి పెదాలు బిగించుకుని నడిచింది. దగ్గు ఆపుకుంటే ఆగిపోతుందనుకుంది పాపం. ఇంటి మలుపు దగ్గర ఆగలేక కూలబడింది. అనసూర్య ఎత్తుకుని తెచ్చింది.

ఆ సాయంత్రం అనసూర్య ఒక నిర్ణయానికి వచ్చింది. వాడవాళ్లను అడగాలి. పొయ్యిలు ఇంటి ముందు కాకుండా వాడ చివర, బొగ్గుగుట్ట దిక్కు పెట్టుకోమని అడగాలి. ముందు పోశవ్వను అడిగితే, ఆమె ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారు. ఏం చెప్పాలో మనసులో పదిసార్లు అనుకుని వెళ్లింది.

పోశవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. "ఏం బిడ్డా?"

"ఉప్పు ఉన్నదా అత్తా?" అంది అనసూర్య.

అరచేతిలో ఉప్పుతో ఇంటికి తిరిగి వచ్చింది. మరునాడు మళ్లీ పోయింది. ఈసారి తలెత్తకుండా, పోశవ్వ కాళ్ల కడియాలు చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది.

పోశవ్వ చెరగడం ఆపింది. "ఓసి, నీకు నోరున్నదే! నేను మూగదనుకుంటి." తర్వాత చేట పక్కన పెట్టి అంది, "నేను పెడ్త తియ్యి. నాదేం పోయింది. కాని బిడ్డా, గా చివరి ఇండ్లోళ్లు ఊకుంటరా? మా ముంగటెందుకు పెడ్తున్నరని కొట్లాటకు రారా? ఆళ్లకు పిల్లలు లేరా?"

అయినా పోశవ్వ నాలుగు రోజులు తన పొయ్యి వాడ చివరకు మోసుకుపోయింది. ఐదోనాడు చివరి ఇంటావిడ నీళ్లు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా పోయింది. ఆ మరునాటి నుంచి పోశవ్వ పొయ్యి ఎప్పటి చోటికే వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. పొగ ఎటు తిప్పినా ఎవరో ఒకరి పిల్లల మీదికే పోయేది.

రాయమల్లు ఇదంతా వింటూనే ఉన్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోజూ షిఫ్టు దిగి వచ్చేటప్పుడు తన బెల్లం ముక్క సారలకు తెచ్చేవాడు. బెల్లం తింటే గొంతులో పట్టిన బొగ్గుదుమ్ము కడుపులోకి జారిపోతుందని గనివాళ్ల నమ్మకం. పిల్ల బెల్లం చప్పరిస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరేవాడు. ఒకరోజు బెల్లంతో పాటు భుజం మీద ఒక చుట్ట మోసుకొచ్చాడు. తారు పూసిన మందపాటి గోనెగుడ్డ. గనిలో వాడి వాడి, చినిగిపోయిందని పక్కకు పారేసినది.

"ఏందిది బాపూ?" అంది అనసూర్య.

"పరదా." అతని ముఖంలో అనసూర్య ఎప్పుడూ చూడని వెలుగు. "కింద గాలి ఊకెనే రాదు బిడ్డా. ఏడ పరదా కడ్తే ఆణ్నుంచి మలుగుతది. మంచి గాలిని మనుషులున్న కాడికి తోలుతం, పాడు గాలిని ఇంకో దిక్కు తోలుతం. గంత పెద్ద బాయిలనే గాలి మా మాటినంగ, గీ గుడిసెంత?"

వాళ్లు గనిని బాయి అనేవారు. మరునాడు అతనికి వారపు సెలవు. పొద్దంతా ఆ పని మీదే ఉన్నాడు. చినుగులకు దబ్బనంతో కుట్లు వేశాడు. గుమ్మానికి బయటివైపు పరదా వేలాడగట్టి, అంచు నేలమీద ఒరిసేలా బరువు కట్టాడు. గోడకూ కప్పుకూ మధ్య సందులన్నీ పాతగుడ్డలు కుక్కి, మట్టి మెత్తాడు. ఉన్న ఒక్క కిటికీకి చెక్క కొట్టాడు. అనసూర్య మట్టి కలిపి అందించింది. తండ్రి పనితనం అంత దగ్గరగా ఆమె చూడటం అదే మొదలు. గనిలో ఆయన ఎలా ఉంటాడో, తోటివాళ్లు ఆయన మాట ఎందుకు వింటారో ఆమెకు అప్పుడు అర్థమైంది. గర్వమనిపించింది.

పోశవ్వ నడుం మీద చేయి పెట్టుకుని చూసింది. "ఏందే కనకవ్వా, ఇంటికి ముసుగేసినవ్? ఇదేమన్న కొత్తకోడలా?"

కనకవ్వ నవ్వింది. చాలా రోజుల తర్వాత.

"మీ ఇంటికి రావాల్నంటే ఇగ టోపీ పెట్టుకొని, దీపం పట్టుకొని దిగాలె," అంది పోశవ్వ.

"హాజరు సుత వేయించుకోవాలె," అన్నాడు రాయమల్లు.

పరదా పనిచేసింది. నిజంగానే పనిచేసింది. తెల్లవారుజామున వాడంతా పొగలో మునిగినా ఇంట్లోకి అంతగా వచ్చేది కాదు. చీకటిగా, ఉక్కగా ఉండేది గానీ సారల గొంతులో కూత తగ్గింది. రెండు రోజులు చూసి, మూడోరోజు తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి అనసూర్య బడికి తీసుకుపోయింది. వాడ దాటేదాకా పిల్ల ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టింది. సాయంత్రం మళ్లీ తడిగుడ్డతో తీసుకొచ్చింది. అలా చాలా రోజులు గడిచాయి.

"అక్కా, నా జాగ ఏడనో ఎరుకేనా? కిటికీ కాడ! పంతులమ్మ గాడ్నే కూసొమ్మన్నది. గాలి మస్తుగ వస్తది. పలక ఎగిరిపోతది, తెల్సా?"

"పలక ఎగురుతదా?"

"ఎగురుతది. నేను పట్టుకుంట."

సారల అ, ఆ లు దాటి ఇ, ఈ లకు వచ్చింది. ఈ రాయడం ఆ పిల్లకు కష్టమయ్యేది. తోక ఎటో పోయేది. ప్రతిసారీ చెరిపి, ఉమ్ము తడితో తుడిచి, మళ్లీ రాసేది. ఇంటికి వచ్చి తల్లిని కూడా పలక ముందు కూర్చోబెట్టి దిద్దించింది. కనకవ్వ సిగ్గుపడుతూ దిద్దింది. రాయమల్లు దిద్దకుండా తప్పించుకోవడానికి డ్యూటీకి ముందే వెళ్లిపోయాడు.

ఆ ఏడు వానలు మొదట సన్నగా వచ్చి, ఒకనాడు మధ్యాహ్నం నుంచి దంచి కొట్టడం మొదలుపెట్టాయి. రాయమల్లు రెండో షిఫ్టులో ఉన్నాడు. బడి నుంచి వచ్చేటప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ తడిసి ముద్దయ్యారు. సారలకు బడికి వేసుకునే బట్టలు ఒక్క జతే. తెల్లరవిక, ఆకుపచ్చ పరికిణీ. మరునాడు డాక్టరు మళ్లీ వస్తాడని, పిల్లలందరూ ఉతికిన బట్టలతో రావాలని అహల్య టీచరు చెప్పి పంపింది.

"డాక్టరుకు నా దమ్ము ఇనిపిస్త," అంది సారల. "ఇప్పుడు కూతలేదని ఇనిపిస్త."

కనకవ్వ పొయ్యిని చూరు కింద అంటించింది. వాన జల్లు కొడుతుంటే చేట అడ్డం పెట్టింది. బొగ్గు తడిగా ఉండి చాలాసేపు పొగ కక్కింది. ఆ పొగ పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టింది. బొగ్గు ఎర్రగా అయ్యాకనే, పొగ జాడ లేదని చూసుకున్నాకనే, లోపలికి తెచ్చింది. ఎప్పటిలాగే, వాడంతా చేసినట్టే. వాన లోపలికి కొట్టకుండా అనసూర్య పరదా దించి, అంచు గడపకు ఆన్చి రాయి పెట్టింది. తలుపు కూడా మూసింది.

అన్నం, పచ్చిపులుసు అయ్యాయి. మామూలుగా అయితే వంట కాగానే పొయ్యిని బయట పెట్టేవారు. ఆ రోజు వానకు నిప్పు చల్లారిపోతుందని, బట్టలు ఆరాలని ఇంట్లోనే ఉంచారు. పొయ్యి పైన దారం కట్టి రవిక, పరికిణీ వేలాడదీశారు. ఇల్లు వెచ్చగా అయింది. పైన కప్పు మీద వాన చప్పుడు. సారల చాప మీద బోర్లా పడుకుని పలక మీద రాసుకుంటోంది.

"చూసినవా," అంది కనకవ్వ మెల్లగా, "ఇయ్యాల ఒక్కపారి సుత దగ్గలే."

నిజమే. ఆ సాయంత్రం సారల ఒక్కసారి కూడా దగ్గలేదు. కాసేపటికి పలక మీదే చెంప ఆన్చి నిద్రపోయింది. నిప్పు వెలుగులో ఆ చెంపలు ఎర్రగా కనిపించాయి.

"మొఖంల కళ వచ్చింది బిడ్డకు," అంది కనకవ్వ. తనకు తలనొప్పిగా ఉందని, కాసేపు నడుం వాలుస్తానని గోడవైపు ఒత్తిగిల్లింది.

అనసూర్య పరికిణీని అటు తిప్పి ఇటు తిప్పి ఆరబెడుతోంది. వానలో తడిసినందుకేమో తల దిమ్ముగా ఉంది. కాళ్లలో బలం లేనట్టు ఉంది. కూర్చుంటే బాగుండనిపించి కూర్చుంది. పరికిణీ అంచు ఇంకా పచ్చిగానే ఉంది, తిప్పాలి అనుకుంది. చేయి ఎత్తాలనుకుంది. చేయి ఎక్కడో దూరంగా, ఇంకెవరిదో అయినట్టు ఉంది. బాగానే ఉంది, వెచ్చగా ఉంది, చెల్లి దగ్గడం లేదు అనుకుంది. ఆ తర్వాత ఏమనుకుందో ఆమెకు గుర్తులేదు.

పక్కింట్లో పోశవ్వ పొయ్యి ఆ రోజు అంటుకోనే లేదు. తడిబొగ్గుతో చాలాసేపు తన్నుకులాడి, చివరకు చిప్పలో నాలుగు నిప్పులు అడుక్కుందామని నెత్తి మీద గోనె కప్పుకుని వచ్చింది.

"ఓ కనకవ్వా! గింత నిప్పు పెట్టు. ముసుగు తియ్యే!"

లోపల నుంచి పలుకు లేదు. మళ్లీ పిలిచింది. అనసూర్యకు ఆ పిలుపు ఏటి అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు వినిపించింది. లేవాలనుకుంది. లేవలేదు. తర్వాత పెద్ద చప్పుడు. పోశవ్వ ఆ పెద్ద చేతులతో పరదాను పట్టుకుని గుంజితే పైన కొట్టిన మేకులతో సహా ఊడి వచ్చింది. తలుపు తోసింది. ముందు సారలను ఎత్తి వానలోకి విసిరేసినట్టు పడుకోబెట్టింది. తర్వాత అనసూర్యను జబ్బ పట్టి ఈడ్చింది. తర్వాత కనకవ్వను. వాన ముఖాన కొడితే అనసూర్యకు వాంతి అయింది. కనకవ్వ బురదలో కూర్చుని, ఏమైందే ఏమైందే అంటూ తల పట్టుకుంది.

సారల కదల్లేదు.

పోశవ్వ మొగుడు బుచ్చన్న పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. ఆ వానలో, బురదలో ఎక్కడా ఆగలేదు. ఆ రాత్రీ మరునాడూ పిల్ల ముక్కుకు గొట్టం పెట్టే ఉంచారు. మరునాడు బడికి రావలసిన డాక్టరు ఆ పిల్ల మంచం దగ్గరే కూర్చున్నాడు.

రాయమల్లు డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఏం జరిగిందో డాక్టరు చెబుతుంటే గోడకు ఆనుకుని విన్నాడు. పొగ కనబడకపోయినా నిప్పు గాలిని తినేస్తుందని, విషం చేస్తుందని, మూసిన ఇంట్లో అది పోయే దారి లేదని డాక్టరు చెప్పాడు. రాయమల్లు తల ఊపాడు. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. గనిలో పాడుగాలి గురించి అందరికంటే అతనికే బాగా తెలుసు. ఇంట్లో కూడా గాలి పాడవుతుందని అతనికి ఎన్నడూ తోచలేదు, అంతే.

అందరూ పోయాక, కూతురితోనో తనతోనో అన్నాడు. "కింద పరదా గాలిని ఆపనీకె కాదు బిడ్డా. నడిపియ్యనీకె. పైన పెద్ద ఫ్యాను గుంజుతనే ఉంటది. అది గుంజుతది కాబట్టే పరదా పని చేస్తది." మసి పట్టిన చేతులు తుడుచుకున్నాడు. "ఇంట్ల ఫ్యానేడున్నది? నాకు ఫ్యాను యాదికే రాలే."

ఆ సందులకు మట్టి కలిపి ఇచ్చింది అనసూర్యే. అంచుకు రాయి పెట్టింది తనే.

సారల బతికింది. కళ్లు తెరిచింది, నీళ్లు తాగింది, వారం దాటాక ఇంటికి వచ్చింది. వాడవాళ్లు వచ్చి చూసి, పోచమ్మ తల్లి చల్లగా చూసిందన్నారు. కానీ ఇంటికి వచ్చిన పిల్ల, దవాఖానకు పోయిన పిల్ల కాదు. పిలిస్తే కాసేపు ఆగి చూసేది. నడిస్తే ఎడమకాలు తడబడేది. అనసూర్య పలక తెచ్చి ఒళ్లో పెట్టి, బలపం వేళ్ల మధ్య ఇరికించింది.

"అ రాయి."

సారల బలపాన్ని చూసింది. వేళ్లలోంచి అది జారి కింద పడింది. పడిన చోటును చూసింది. ఇంకేమీ చేయలేదు. మరునాడు కూడా అంతే. ఆ తర్వాత కూడా అంతే. తెలివి మెల్లమెల్లగా రావచ్చన్నాడు డాక్టరు. రాకపోవచ్చని కూడా అన్నాడు. పొగలో ఉంచకండి అని మాత్రం ఈసారి అనలేదు.

అహల్య టీచరు ఇంటికి వచ్చి చూసింది. సారల తల నిమిరి, కిటికీ దగ్గర జాగా ఖాళీగానే ఉంచానని చెప్పి వెళ్లిపోయింది. వాడ మలుపు దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకోవడం అనసూర్య చూసింది.

రాయమల్లు కిటికీ చెక్క ఊడబీకాడు. సందుల్లోని గుడ్డలన్నీ లాగేశాడు. పొగ ఎప్పటిలాగే లోపలికి వచ్చింది. దానితో పాటే సారల గొంతులో పిల్లికూత కూడా వచ్చింది. ఆ పిల్లలో మునుపటిలా మిగిలింది అదొక్కటే. పరదాను అతను పారేయలేదు, తిరిగి గనికీ తీసుకుపోలేదు. ఇంటి వెనక బొగ్గుకుప్ప తడవకుండా దాని మీద కప్పాడు.

కనకవ్వ ఆ రోజు నుంచి పొయ్యి ముట్టలేదు. ముట్టమని ఎవరూ అనలేదు కూడా. సారలను ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చునేది. అందుకని పని అనసూర్య చేతికి వచ్చింది.

ఆ వారం రాయమల్లుకు మొదటి షిఫ్టు. తెల్లవారకముందే అనసూర్య లేచి ఇంటి వెనక్కి పోయి, పరదా ఎత్తి తట్టెడు బొగ్గు తీసుకుంది. పక్క వాకిట్లో పోశవ్వ కూడా లేచింది. ఆమె తన పొయ్యి ఎత్తుకుని, అవతలి పక్కకు కొంచెం జరిపి పెట్టుకుంది. అంతకంటే జరపడానికి చోటు లేదు.

అనసూర్య పుల్లలు పేర్చింది. బొగ్గు పోసింది. అగ్గిపుల్ల గీసే ముందు ఒకసారి గుమ్మం వైపు చూసింది. తల్లి ఒళ్లో సారల మేలుకునే ఉంది. అక్కనే చూస్తోంది. బాపు సద్ది తీసుకుపోవాలి. సద్ది లేకుండా గనిలో ఎనిమిది గంటలు బొగ్గు ఎత్తలేడు.

అంటించింది. పసుపు కలిసిన నల్లటి పొగ మెల్లగా లేచి, కాసేపు పొయ్యి మీదే తచ్చాడి, గుమ్మం వైపు తిరిగింది. లోపల దగ్గు మొదలైంది. అనసూర్య చేట తీసుకుని విసరసాగింది. తొందరగా విసిరితే తొందరగా ఎర్రబడుతుంది, తొందరగా ఎర్రబడితే పొగ ఆగుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తొందరగా విసిరితే పొగ ఎక్కువగా లేస్తుందని కూడా తెలుసు.

విసురుతూనే ఉంది.